ఆనందపురం ఎర్రమట్టిలో పైన్ చెట్టు: గింజ నుంచి మూడో వేసవి దాకా

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవాళ్లకీ అర్థమవుతుంది. విశాఖ దగ్గర ఆనందపురంలో మీకు 20 సెంట్ల స్థలం ఉంది. ఎర్రమట్టి, కొంచెం వాలు, వేసవిలో బోరు అడుగంటుతుంది. ఉత్తరాఖండ్‌లోని అల్మోరా వెళ్లినప్పుడు నేల మీద దొరికిన పైన్ కాయలు కొన్ని తెచ్చుకున్నారు. మన దేశపు పైనే కావాలి, నీళ్ల కోసం పీడించనిది కావాలి, గింజ నుంచే పెంచాలి అంటున్నారు. విత్తనాలు ఫ్రిజ్‌లో పెట్టాలా, డ్రైఫ్రూట్ షాపులో దొరికే చిల్గోజా (అదీ ఒక పైన్ గింజే) వేస్తే మొలుస్తుందా, ఎంవీపీ కాలనీలో మేడ మీద కుండీలో కూడా ఒకటి పెట్టుకోవచ్చా అనేవి మిగతా ప్రశ్నలు.

పెంచవచ్చండి. కాకపోతే మన వైపు పైన్ మొక్కలు నీళ్లు చాలక చచ్చేది తక్కువ, నీళ్లు ఎక్కువై చచ్చేదే ఎక్కువ. ఈ చెట్టుకి కరువుని తట్టుకునే శక్తి ఆకులో కొంత ఉంటే, తల్లివేరులో చాలా ఉంది. ఆ వేరు మొదటి ఏడాది నిటారుగా దిగితే సగం పని అయిపోయినట్టే. నర్సరీ సంచిలో చుట్టలు తిరిగిందంటే తర్వాత ఎంత చాకిరీ చేసినా అది కరువు చెట్టు అవదు. అందుకని కింద రాసిందాంట్లో ఎరువుల సంగతి తక్కువ, వేరు సంగతి ఎక్కువ ఉంటుంది.

మీరు తెచ్చిన కాయ ఏ చెట్టుదో ముందు తేల్చుకోండి. అల్మోరా చుట్టుపక్కల దేవదారు కూడా ఉంటుంది గానీ, దేవదారు కాయ చెట్టు మీదే రేకులు రేకులుగా విడిపోతుంది, నేల మీద నిండు కాయగా దొరకదు. పిడికిలి కంటే పెద్దగా, బరువుగా, ఒక్కో రేకు కొస మందంగా వెనక్కి వంగి వేలికి గుచ్చుకునేలా ఉంటే అది చిర్ పైన్. దాని కింద రాలిన సూదాకులు చూసి ఉంటే మూడేసి ఒక కుచ్చుగా, 20 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుండి ఉంటాయి. పాకిస్తాన్ ఉత్తర భాగం నుంచి మన హిమాలయ పాదాల వెంబడి నేపాల్, భూటాన్ దాకా, సుమారు 500 నుంచి 2000 మీటర్ల ఎత్తులో పెరిగే చెట్టిది. దీని శాస్త్రీయ నామం పైనస్ రాక్స్‌బర్గై. ఆ రాక్స్‌బర్గ్ ఎవరో కాదు, 1780ల్లో మన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలన్నీ బొమ్మలు వేయించిన విలియం రాక్స్‌బర్గే. 1793లో ఇక్కడి నుంచి కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్లాడు.

మీ స్థలానికి ఉన్న పైన్లలో ఇదే నయమని ఎందుకంటున్నానంటే, చిర్ పైన్‌కి రుతుపవనాల లెక్క తెలుసు. దాని సొంత ఊళ్లలోనూ మూడు నెలలు కుండపోత, తర్వాత పొడి, ఏప్రిల్, మే నెలల్లో మాడ్చే ఎండ. డెహ్రాడూన్ ఎండ చూసినవాళ్లకి ఈ చెట్టు వేడికి బెదరదని చెప్పక్కర్లేదు. అక్కడా మన దగ్గరా తేడా రాత్రిళ్లలో ఉంది. వాళ్లకి శీతాకాలం నిజంగా చలి. మనకి మే నెల రాత్రి కూడా ఉక్కే, గాలిలో ఎప్పుడూ తేమే. కాబట్టి చెట్టు పెరుగుతుంది గానీ అల్మోరాలో చూసినట్టు నిండుగా, కాయలతో ఉంటుందని ఆశ పెట్టుకోకండి. ఉప్పు గాలి దీనికి అసలు పడదు. ఇదే ప్రశ్న రుషికొండ నుంచో భీమిలి బీచ్ రోడ్డు నుంచో వచ్చి ఉంటే వద్దనేవాణ్ణి. ఆనందపురం లోపలికి ఉంది కనుక ప్రయత్నించవచ్చు.

చిల్గోజా మాట మర్చిపోండి. అదీ మన దేశపు పైనే, అదీ కరువు చెట్టే, హిమాచల్‌లోని కిన్నౌర్ లోయల్లో ఉంటుంది. కానీ 1800 మీటర్ల పైన, మంచు పడే పొడి చలిలో పెరిగేది. షాపుల్లో అమ్మేది చాలావరకు వేయించిన పప్పు, మొలకెత్తే ప్రశ్నే లేదు. పచ్చి గింజ సంపాదించి మొలిపించినా మన జూలైని దాటదు. మేఘాలయ వైపు ఖాసీ పైన్ ఉంది, దానికి తేమ, ఎత్తు రెండూ కావాలి. అరకు వెళ్లేవాళ్లు అంజోడ దగ్గర ఫొటోలు దిగే పైన్ చెట్లు మనుషులు నాటిన తోట, అడవిలో వాటంతట అవి పుట్టినవి కావు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ బాగున్నాయి కదా అని కింద కూడా అలాగే ఉంటాయనుకోకూడదు. ఇక క్రిస్మస్ ట్రీ అని నర్సరీల్లో అమ్మేది అరకేరియా, అసలు పైన్ కుటుంబమే కాదు. సముద్రపు ఒడ్డున సరుగుడు కూడా అంతే. దాని సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, కణుపులున్న సన్నని పుల్లలు. ఒకటి తెంపి రెండు చివర్లూ పట్టుకుని లాగితే టక్కున కణుపు దగ్గర ఊడొస్తుంది.

ఒక విషయం మీకు నచ్చకపోవచ్చు. చిర్ పైన్ మన దేశానిది, మన జిల్లాది కాదు. తూర్పు కనుమల్లో సహజంగా పుట్టిన పైన్ ఒక్కటీ లేదు. దక్షిణాది మొత్తం మీద సహజంగా ఉన్న, పైన్‌కి దూరపు చుట్టం అనదగ్గ చెట్టు పడమటి కనుమల దక్షిణ కొసన ఒకటే ఉంది, అదీ పైన్ కాదు. స్థలం నిండా పైన్లే వేస్తానంటే ఒప్పుకోను. మూడో నాలుగో పైన్లు వేసుకుని మిగతా చోట తపసి, ఏగిస, మద్ది, ఇప్ప వేయండి. కంబాలకొండలోనూ సింహాచలం కొండ మీదా ఎవరూ నీళ్లు పోయకుండా బతికే చెట్లని ఒకసారి చూసి రండి. తపసి రాతి మీద కూడా నిలుస్తుంది, పైగా దాని జిగురుకి ధర ఉంది, మన విశాఖలోనే ఆఫీసున్న గిరిజన సహకార సంస్థ ఏజెన్సీలో దాన్ని కొంటుంది.

సరే, గింజల దగ్గరికి వద్దాం. మీరు తెచ్చినవి నేల మీద దొరికినవి, అప్పటికే రేకులు విప్పుకున్నవి అయితే వాటిలో గింజలు చాలావరకు ఎగిరిపోయి ఉంటాయి. కాయ పూత నుంచి పక్వానికి రావడానికి రెండేళ్లు పడుతుంది, ఏప్రిల్, మే ఎండలకి విచ్చుకుని రెక్కలున్న గింజల్ని గాలికి వదిలేస్తుంది. అయినా పారేయకండి. కాగితం పరిచి కాయని తలకిందులుగా గట్టిగా దులపండి. పైకొనలో, అడుగున ఉన్న రేకుల్లో గింజ పట్టదు, పట్టినా తాలే. నడిమి రేకుల సందుల్లో టార్చి వేసి చూడండి, ఇరుక్కున్నవి రెండు మూడు దొరకొచ్చు. ఒక గింజని అడ్డంగా కోస్తే లోపల తెల్లగా, నూనె మెరుపుతో పప్పు నిండుగా ఉండాలి. ముడుచుకుపోయి గోధుమ రంగులో ఉంటే ఆ కాయలు షోకేసులోకే.

నా సలహా, ఆ కాయల్ని నమ్ముకోకుండా ఉత్తరాఖండ్, హిమాచల్ వైపు అటవీ విత్తనాలు అమ్మేవాళ్ల దగ్గర ఆ ఏడాది సేకరించిన గింజలు తెప్పించుకోండి. ఏ ఎత్తులో సేకరించారో తప్పకుండా అడగండి. అల్మోరా పైన 1800 మీటర్ల దగ్గర చెట్టు గింజ కంటే, శివాలిక్ కొండల అడుగున 600 మీటర్ల దగ్గర చెట్టు గింజ మనకి మేలు. దాని తాతలు ముత్తాతలు ఎండ చూసినవాళ్లు. ధర కాస్త ఎక్కువైనా ఈ ఒక్కదాని దగ్గర రాజీ పడొద్దు.

ఫ్రిజ్ సంగతి: చిర్ పైన్ గింజకి మొలవడానికి చలి అక్కర్లేదు. విత్తే దాకా దాచడానికి మాత్రం ఫ్రిజ్ మంచిదే. బాగా ఆరిన గింజల్ని గాలి చొరని డబ్బాలో వేసి కింది అరలో పెట్టండి. ఫ్రీజర్‌లో వద్దు. మన తేమకి బయట సంచిలో ఉంచితే రెండు నెలల్లోనే బూజు పడుతుంది.

విత్తడానికి మనకి కుదిరే కాలం డిసెంబరు రెండో సగం నుంచి సంక్రాంతి దాకా. తుఫాన్ల రోజులు అప్పటికి వెనకబడతాయి, గాలి కాస్త ఆరుతుంది, పగలు హాయిగా ఉంటుంది. ఎండలు ముదిరేలోపు మొక్కకి రెండు మూడు నెలల వయసు వస్తుంది. హిమాలయ నర్సరీల క్యాలెండర్ చూసి వానాకాలంలో విత్తితే విశాఖలో నారుకుళ్లు తెగులు మిగిల్చేది ఏమీ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం, దేనిలో విత్తాలి. మామూలు నర్సరీ సంచి ఆరు అంగుళాల లోతు ఉంటుంది. ఆకులు రెండంగుళాలు కూడా లేవని మనం చూస్తుంటాం, ఆ లోపు తల్లివేరు సంచి అడుగు తాకి పక్కకి తిరగడం మొదలుపెడుతుంది. ఆ వంకర ఎప్పటికీ పోదు. నాలుగంగుళాల పీవీసీ పైపుని అడుగు పొడవు ముక్కలు కోయించండి. ప్రతి ముక్కనీ నిలువునా రంపంతో చీల్చి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో రెండు చోట్ల కట్టండి. అడుగున నైలాన్ జాలీ. వీటిని నేల మీద పెట్టకుండా, ఇనుప మెష్ పరిచిన బల్ల మీద నిలబెట్టండి, కింద గాలి ఆడాలి. వేరు కిందికి దిగి జాలీ దాటి బయటి గాలి తగలగానే కొన ఎండి ఆగిపోతుంది, పైన పక్కవేళ్లు వేస్తుంది. నాటే రోజు ట్యూబు ముక్క తీసి పైపుని పుస్తకంలా విప్పితే మట్టి చెదరకుండా మొక్క చేతిలోకి వస్తుంది. ఖర్చు ఎక్కువ కాదు, పైపులు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

మట్టి మీ స్థలంలోదే సగం, ఏటి ఇసుక మూడో వంతు పైగా, మిగతాది బాగా చివికిన వర్మీకంపోస్టు. ఖొండలైట్ రాయి చివికి వచ్చిన మన ఎర్రనేల పైన్‌కి బాగానే పడుతుంది. పశువుల ఎరువు వద్దు, పచ్చిది అసలే వద్దు. కొబ్బరి పొట్టు ఈ మధ్య ప్రతిదాంట్లో కలుపుతున్నారు, మన ఉక్కలో అది నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, మానేయండి. సముద్రపు ఇసుక వాడితే ఉప్పుతోనే పని అయిపోతుంది.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. పైన్ వేరు ఒంటరిగా బతకలేదు. దాని వేళ్లని ఒక రకం శిలీంధ్రం తొడుగులా కప్పుకుని, నీళ్లూ భాస్వరమూ తెచ్చిపెడుతుంది. పైన్ చెట్లున్న నేలలో అది సహజంగా ఉంటుంది, ఆనందపురం మట్టిలో ఉండదు. శిలీంధ్రం లేని మొక్క ఏడెనిమిది నెలలు పచ్చగానే ఉండి, తర్వాత పసుపు తిరిగి, ఎన్ని మందులు వేసినా అలాగే గిడసబారిపోతుంది. ఇలా వేరుతో కలిసి బతికే శిలీంధ్రాన్ని మైకోరైజా అంటారు. ఎరువుల షాపులో వ్యామ్ పేరుతో అమ్మే మైకోరైజా కొనకండి, అది మొక్కజొన్నకీ మిరపకీ పనికొచ్చే రకం, పైన్ వేరుకి అంటదు. కావలసింది ఎక్టోమైకోరైజా, అంటే వేరుని పైనుంచి తొడుగులా కప్పే రకం. అరకు, చింతపల్లి వైపు సొంత స్థలంలో పెద్ద పైన్ చెట్టున్నవాళ్లు ఎవరైనా తెలిస్తే, ఆ చెట్టు మొదట్లో రాలిన సూదాకులు పక్కకి నెట్టి, కింద తెల్లని దారాల్లాంటివి కనిపించే మట్టి ఒక డబ్బాడు అడిగి తెచ్చుకోండి. అటవీ శాఖ తోటలోంచి అనుమతి లేకుండా తేవద్దు. పదిపాళ్ల మిశ్రమానికి ఒక పాలు చాలు. పట్టిందో లేదో నాటే ముందు తెలుస్తుంది. చిన్న వేళ్ల కొనలు లావుగా, పొట్టిగా, రెండుగా చీలి ఉంటాయి. భూతద్దం కూడా అక్కర్లేదు.

గింజల్ని ఒక రాత్రి, ఒక పగలు నీళ్లలో నానబెట్టండి. మునిగినవి విత్తండి, తేలినవాటిలో ఎక్కువ తాలే. సెంటీమీటరు లోతులో, పడుకోబెట్టి, పైపుకి రెండేసి. పైన సన్నని ఇసుక ఒక పొర. పదో రోజు తర్వాత నుంచి మొలకలు కనిపించడం మొదలై మూడు నాలుగు వారాల్లో తేలిపోతుంది. పైన్ మొలక వచ్చే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ముందు మెడ వంచిన ఎర్రటి కాడ లేస్తుంది, నిలబడేసరికి దాని నెత్తిన గింజ పెంకు టోపీలా ఉంటుంది. లోపల పదీ పన్నెండు సన్నని ఆకులు విప్పుకోవడానికి తోసుకుంటుంటాయి. ఆ టోపీని మీరు తీయకండి, ఆకులూ ఊడొస్తాయి. మరీ ఇరుక్కుంటే సాయంత్రం చిన్న స్ప్రేతో తడపండి, రెండు రోజుల్లో దానంతటదే పడిపోతుంది. పిట్టలు ఆ టోపీ కోసమే వచ్చి మొలక మొత్తం లాగేస్తాయి. ఉడుతలూ, చీమలూ గింజ దశలోనే పని పడతాయి. అందుకే టోపీలు రాలిపోయే దాకా పైన సన్నని మెష్ ఉండాలి, బల్ల కాళ్లు నీళ్లున్న గిన్నెల్లో ఉండాలి.

ఆ తర్వాతి ఆరు వారాలే నాకు టెన్షన్. నిన్న నిటారుగా నిలబడ్డ మొలక ఈ రోజు పొద్దున పక్కకి పడి ఉంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే మట్టిని తాకే చోట కాడ నల్లబడి దారంలా సన్నగిల్లి ఉంటుంది, పైభాగం ఇంకా పచ్చగానే ఉంటుంది. అదే నారుకుళ్లు. పడిపోయిన మొలకని బతికించలేం, పక్కవాటిని కాపాడుకోవాలి. దాన్ని ఆ మట్టితో సహా తీసేసి, మిగతా పైపుల్లో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. మందు కంటే అలవాటు ముఖ్యం. నీళ్లు పొద్దున మాత్రమే, వేలు రెండో కణుపు దాకా దించి పొడిగా తగిలినప్పుడు మాత్రమే. సాయంత్రం పోస్తే రాత్రంతా మొదలు తడిగా ఉంటుంది. విత్తే ముందు మట్టి మీద మరిగే నీళ్లు పోసి ఆరబెట్టుకుంటే సగం తెగులు అక్కడే పోతుంది. శిలీంధ్రం మట్టిని మాత్రం ఆ తర్వాత, చల్లారాకే కలపాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఈ దశలో వాడకండి, మేడ మీద పట్టిన వాన నీళ్లు ఒక డ్రమ్ము దాచుకోండి.

మార్చి దాకా పూర్తి వెలుతురు, ఎండలు ముదిరాక మధ్యాహ్నానికి 50 శాతం షేడ్ నెట్. ఎరువులు ఏమీ వద్దు. డీఏపీ గుప్పెడు వేద్దామని చేయి దురద పెడుతుంది. డీఏపీలో ఉండే భాస్వరం సులువుగా దొరికితే వేరు ఆ శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు. మొదటి ఏడాది మొక్క నీలం కలిసిన పచ్చరంగులో, ఒంటి ఆకులతో, బుజ్జిగా ఉంటుంది. మూడేసి ఆకుల కుచ్చులు తర్వాత వస్తాయి. ఇది పైన్ కాదేమో, మోసపోయామేమో అని ఈ దశలో ఫోన్లు చేసేవాళ్లు చాలామంది.

నాటడం ఆరుద్ర కార్తెలోనో పునర్వసులోనో. మృగశిరలో తొలి వాన చూసి తొందరపడొద్దు, ఆ తర్వాత రెండు వారాలు మొహం చాటేస్తే కొత్త మొక్క నలుగుతుంది. జానెడు ఎత్తు వచ్చినవి నాటేయండి, రానివి ఇంకో ఏడాది పైపులోనే ఉంచవచ్చు. అంతకు మించి వద్దు. పెద్ద మొక్క అయితే త్వరగా చెట్టు అవుతుందనుకుంటారు గానీ పైన్ విషయంలో చిన్నగా ఉండగా నాటినదే మూడేళ్లలో దాటిపోతుంది.

గుంత అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. అడుగున గట్టి గ్రావెల్ తగిలితే గునపంతో ఇంకో అడుగు పొడిచి వదులు చేయండి, వేరుకి దారి దొరకాలి. మీ వాలులో పైకి ఉన్న భాగం ఎంచుకోండి. నీళ్లు చేరే పల్లం వద్దు. మొక్కకి కింది వైపున అర్ధచంద్రాకారంలో చిన్న కట్ట వేస్తే వాన నీరు కాసేపు ఆగి ఇంకుతుంది, మొదలు మాత్రం చుట్టూ నేల కంటే రెండంగుళాలు ఎత్తులో ఉండాలి. ఎర్రనేలలో చెదలు తప్పవు కాబట్టి గుంత మట్టిలో వేప పిండి కలపండి. మొక్క చుట్టూ అరచేతి మందాన రాళ్లు పేర్చండి. ఎండుగడ్డి కప్పితే చెదలకి విందు పెట్టినట్టే.

మొదటి వేసవి వారానికి ఒకసారి, మొక్కకి ఒక బిందెడు, మొదట్లో కాదు, అడుగు దూరంలో చుట్టూ, నిదానంగా. రోజూ చెంబుడు పోస్తే వేళ్లు పైపైనే తిరుగుతాయి. రెండో వేసవి పదిహేను రోజులకి ఒకసారి. మూడో వేసవి నుంచి ఆపేయండి. డ్రిప్ పెట్టి మర్చిపోయే అలవాటున్నవాళ్లకి ఈ చెట్టు సరిపడదు.

ఏప్రిల్, మే నెలల్లో పాత సూదాకులు ఎర్రబడి రాలతాయి, అది జబ్బు కాదు, దాని పద్ధతి. కొన మొగ్గ గట్టిగా, తాజాగా ఉందా లేదా అన్నది చూడండి. ఒకవేళ రోహిణి కార్తె ఎండకి పైనంతా మాడిపోయినా వెంటనే పీకేయకండి. చిర్ పైన్ పిల్ల మొక్కకి మొదట్లోంచి మళ్లీ చిగురు వేసే గుణం ఉంది, పైన్లలో ఇది అరుదు. గోటితో మొదలు బెరడు గీకితే లోపల పచ్చగా ఉందంటే ఆగస్టు దాకా ఓపిక పట్టండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఎన్ని చెట్లు కూలాయో మీరు చూసే ఉంటారు. అందుకని ఇంటికీ కరెంటు తీగలకీ కనీసం పది మీటర్ల దూరంలో నాటండి. కర్రకి కట్టి పెంచకండి, గాలికి ఊగితేనే మొదలు లావెక్కుతుంది. దూరానికి ఇంకో కారణం నిప్పు. రాలిన సూదాకుల్లో బంక ఉంటుంది, భగ్గున అంటుకుంటాయి, ఉత్తరాఖండ్ అడవుల్లో ప్రతి వేసవీ ఇదే బాధ. పెద్ద చెట్టు బెరడు మందం కాబట్టి అది తట్టుకుంటుంది, పక్కన ఉన్న మీ షెడ్డు తట్టుకోదు. చెట్టు పెద్దదయ్యాక మార్చిలో ఒకసారి ఊడ్పించి, ఆ ఆకుల్ని తడిగా ఉండే కూరగాయ మడుల్లో పరవండి, చివకడానికి చాలా కాలం పడుతుంది గానీ కలుపుని బాగా అణుస్తాయి.

మేడ మీద కుండీలో వద్దండి. వేరు లోతుకి పోవాలనుకునే చెట్టుని కుండీలో పెడితే, వేసవిలో సిమెంటు వేడికి కుండీ మట్టి కాలిపోతుంది, దాన్ని చల్లార్చడానికి మీరు నీళ్లు పోస్తారు, వేరు కుళ్లుతుంది. బోన్సాయ్ చేద్దామన్నా అడుగు పొడవు ఆకులతో బాగుండదు. ఎంవీపీలో సముద్రం దగ్గరే కాబట్టి అక్కడ కుండీలో అరకేరియానే పెట్టుకోండి, ఉప్పు గాలికి కూడా బాగానే ఉంటుంది. ఆనందపురానికి మాత్రం గింజలు ఇప్పుడే ఆర్డర్ పెట్టండి, డిసెంబరు లోపు పైపులు కోయించి పెట్టుకోవచ్చు. వచ్చిన గింజల్లో పది కోసి చూసి, ఎన్ని నిండుగా ఉన్నాయో ఇక్కడే రాయండి, ఎన్ని పైపులు అవసరమో దాన్ని బట్టి చెప్తాను.